బూబా–కికీ పెట్టె: నాలుగో వారం

వినేది, చూసేది, రుచి చూసేది ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో చూసే చిన్న పరీక్షల పెట్టె ఇది. 'బూబా', 'కికీ' అనే అర్థం లేని పేర్లు వినిపించి, ఏది ఏ బొమ్మదని అడగడం మొదటి పరీక్ష. ఎక్కువమంది బూబా గుండ్రటిది, కికీ ముళ్లది అంటారు. దానికి అట్టలు కోయడం అయిపోయింది. నల్ల అట్టలో రెండు బొమ్మలు: ఒకటి మబ్బులా గుండ్రం, ఇంకోటి పల్లేరుకాయలా ముళ్లు. ఒకటి పెద్దదైతే జనం ఆకారాన్ని వదిలేసి సైజును బట్టి చెబుతారు. అందుకే ఒకే అట్టలోంచి పదేసి కోసి తూచాలి. బరువులు కలిస్తే వైశాల్యం కలిసినట్టే.

ఈ పరీక్షకు మనస్తత్వ శాస్త్రవేత్త కోలర్ 1929లో వాడిన పేర్లు 'టకెటె', 'బలూబా'. 'బూబా', 'కికీ' 2001లో పరిశోధకులు రామచంద్రన్, హబ్బర్డ్ వాడినవి. ఇంగ్లిష్ 'కె'కి కోణాలున్నాయి, అది చూసే ముళ్లబొమ్మను ఎంచారేమోనని అనుమానం రావచ్చు. మన లిపిలో 'కికీ' కూడా గుండ్రమే కాబట్టి ఆ పేచీ తక్కువ. అయినా రాసి చూపించొద్దు. ఎదురుగా కూర్చుని పలకనూ వద్దు, 'బూ' అనగానే పెదాలు సున్నా చుట్టి జవాబు చెప్పేస్తాయి. రికార్డు చేసి వినిపించాలి.

ఎక్కువ తిప్పలు పెట్టింది స్వరాలే. రెండు స్వరాలు వినిపించి, గోళీ ఏది, ఫుట్‌బాల్ ఏది అని అడగడం. హెచ్చు స్వరం సాధారణంగా గోళీకి పోతుంది. ఫోన్ స్పీకర్‌లో 150 హెర్ట్జ్ దాదాపు వినపడదు. రెండు స్వరాలనూ 250, 2000 హెర్ట్జ్‌కి మార్చాక 2000 చెవిలో గుచ్చింది: ఒకే వాల్యూమ్‌లో చెవికి అదే గట్టిగా తోస్తుంది. రెండూ సమానంగా వినిపించేదాకా దాన్ని తగ్గించాలి. బీచ్ రోడ్డు మీద కుదరదు, అలల హోరు కింది స్వరాన్ని మింగేస్తుంది. ఇంట్లోనేమో విశాఖ ఉక్కలో ఫ్యాన్ ఆపమనడం మర్యాద కాదు. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ ఒక్కటే దారి.

ప్రశ్న అడిగే మాటలోనూ లీకులుంటాయి. 'సన్నటిది ఏది?' అన్నామో, పని చెడినట్టే. సన్న గొంతంటే మనకు హెచ్చు స్వరమే కదా. రంగులకు 'లేత', 'ముదురు' కూడా అంతే, బెండకాయ దగ్గరే అలవాటైపోయాయి. 'దీనికి ఏది?' అని వేలు చూపించి ఊరుకోవాలి.

ఎర్రగా కనిపిస్తే ఎక్కువ తియ్యగా తోస్తుందా అని చూసే పంచదార నీళ్లు: 100 మి.లీ.లో 5 గ్రాములు, తెల్ల కప్పుల్లో 20 మి.లీ. చొప్పున, సగం కప్పుల్లో వాసన లేని ఎర్ర ఫుడ్ కలర్ ఒక చుక్క. ఫ్రిజ్‌లో పెడితే తీపి తగ్గుతుంది. రెండో కప్పు ఎలాగూ చప్పగా అనిపిస్తుంది గనక సగం మందికి ఎరుపు ముందు, సగం మందికి తర్వాత. మధ్యలో పుక్కిలించాలి.

చెగోడీల కరకర పరీక్ష ఆగింది. మూత తీసిన డబ్బా ఈ సముద్రపు గాలికి మెత్తబడి, మొదటివాళ్లు తిన్నదీ చివరివాళ్లు తిన్నదీ ఒకటి కాకుండా పోతోంది. మనిషికో చిన్న జిప్ కవర్ కట్టి మళ్లీ మొదలుపెట్టాలి.