కారు కిటికీ మీది కాగితం చూసి మేం ఏ బండి మార్చాం

డాలస్‌లో కొత్త కారు కొంటామంటే మనవాళ్లు ఇచ్చే సలహా ఒకటే, టొయోటానో హోండానో తీసుకో, రీసేల్ ఉంటుంది అని. మాకు రెండు బండ్లు. నాది గ్యాలన్‌కి 17 మైళ్లిచ్చే పాత ఎస్‌యూవీ, మా ఆవిడది 30 ఇచ్చే సెడాన్. సెడాన్ ఇచ్చేసి 50 ఇచ్చే హైబ్రిడ్ తెచ్చుకుందాం, ఒక్క దెబ్బకి 20 మైళ్లు పెరుగుతాయి కదా అని షోరూంకి వెళ్లాం.

అమెరికాలో కొత్త కారు కిటికీకి ధర, ఆప్షన్లు, ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) వాళ్ల మైలేజ్ లేబుల్ ఉన్న కాగితం అంటించి ఉండాల్సిందే, కొన్నవాళ్ల చేతికి బండి వచ్చేదాకా డీలర్ దాన్ని పీకకూడదు. సేల్స్‌మన్ వేలు నేరుగా పెద్ద అంకె మీదికే వెళ్లింది, 50. ఆ తర్వాత కుడిపక్కన ఐదేళ్లలో గ్యాస్ (అంటే పెట్రోల్) మీద ఇన్ని డాలర్లు ఆదా అన్న లైను. వినడానికి బాగానే ఉంది గానీ ఆ ఆదా సగటు కొత్త కారుతో పోల్చి, ఏడాదికి 15,000 మైళ్లు తిరిగితే వచ్చేది, మన పాత బండితో పోల్చింది కాదు. ఆ సంగతి అడుగున సన్న అక్షరాల్లో ఉంటుంది, గ్యాస్ రేటు ఎంత అనుకున్నారో కూడా.

మా ఆవిడ కళ్లు మాత్రం పెద్ద అంకె కింద ఇంకో చిన్న లైను మీద పడ్డాయి: 100 మైళ్లకి 2 గ్యాలన్లు. "మన బండ్లకి ఇది ఎంతండీ?" అంది.

అక్కడే ఫోన్ తీసి లెక్కేశాం. సెడాన్‌కి 3.3, అంటే మారిస్తే మిగిలేది 1.3 గ్యాలన్లే. నా ఎస్‌యూవీ 5.9 తాగుతోంది! దాని బదులు 35 ఇచ్చే హైబ్రిడ్ ఎస్‌యూవీ తెస్తే 2.9, మిగిలేది 3 గ్యాలన్లు. అంతెందుకు, 25 ఇచ్చే మామూలు ఎస్‌యూవీ తెచ్చినా 1.9 మిగులుతుంది, పెరిగేది 8 మైళ్లే అయినా సరే. డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో రాసింది సరిగ్గా ఇదే, గ్యాలన్‌కి ఇన్ని మైళ్లు అన్న అంకె చూసి జనం ఆదాని తప్పుగా అంచనా వేస్తారని. 2013 మోడళ్ల నుంచి లేబుల్ మార్చినప్పుడు ఈ 100 మైళ్ల లైను చేర్చారు, చేర్చినవాళ్లు కాస్త పెద్దగా వేస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

సెడాన్ ఇంట్లోనే ఉంది, ఎస్‌యూవీ వెళ్లిపోయింది. హైబ్రిడ్‌కి అదే మోడల్ గ్యాస్ బండి కంటే ఎక్కువ పెట్టాలి కాబట్టి రెండింటి లేబుళ్లూ ఫొటో తీసుకోండి. ఏడాది గ్యాస్ ఖర్చు రెండింటి మీదా ఉంటుంది, ఆ ఖర్చుల తేడాతో ధరల తేడాని భాగిస్తే ఎన్నేళ్లకి డబ్బు తిరిగొస్తుందో తెలుస్తుంది. సేల్స్‌మన్ నెలవారీ కిస్తీ గురించి మొదలుపెట్టక ముందే ఆ పని కానివ్వండి.