ఐస్ మిషన్ మెకానిక్ మొదట నీళ్ల గురించి అడగాలి

నార్కట్‌పల్లి దగ్గర, హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన మా కుటుంబం నడిపే హోటల్‌లో గత మే నెల రెండో వారంలో ఐస్ మిషన్ దెబ్బతిన్నది. పూర్తిగా ఆగిపోలేదు కాబట్టి మూడు రోజుల పాటు మేము పెద్దగా పట్టించుకోలేదు. ఐసు ముక్కలు పలచబడ్డాయి, కొన్ని వరుసల్లో గుంటలు పడ్డాయి, తెల్లవారేసరికి నిండవలసిన పెట్టె సగం కూడా నిండలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం లైమ్ సోడాకు ఐసు లేదని చెప్పవలసి వచ్చినప్పుడు గానీ మెకానిక్ కోసం వెతకడం మొదలుపెట్టలేదు.

మొదట దొరికినది ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే వ్యక్తి. ఆయన మూత తీసి చూసి, గ్యాస్ తగ్గిందని చెప్పి, అరగంటలో గ్యాస్ పట్టి వెళ్లిపోయాడు. కంప్రెసర్, గొట్టాలు కలిసి మూసి ఉన్న వలయంలో గ్యాస్ వాడకం వల్ల తగ్గేది కాదని, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లేనని, లీకు వెతకకుండా అంచనా మీద నింపితే కంప్రెసర్ మీద ఒత్తిడి పెరుగుతుందని నాకు అప్పటికి తెలియదు. మరునాడు మిషన్ మరింత వేడెక్కింది. ఆయన మళ్లీ వచ్చి, లోపల సున్నం పేరుకుందని, బాత్రూంలో వాడే యాసిడ్ పోసి కడిగాడు. సున్నం ఉన్న మాట నిజమే, కానీ ఆ మందు తప్పు. చాలా మిషన్లలో ఐసు గడ్డకట్టే పలకకు నికెల్ పూత ఉంటుంది. ఆ యాసిడ్ పూతను తినేస్తుంది. పూత లేచిపోతే ఆ పొట్టు ఐసులోకి, అక్కడి నుంచి గ్లాసులోకి చేరుతుంది. ఇలాంటి పలకలకు పనికివచ్చే ద్రావణాలు వేరుగా దొరుకుతాయి.

ఆ రెండు రోజులు బయట ఐసు కొనవలసి వచ్చింది. చేపల పెట్టెల్లో వేసే దిమ్మ ఐసు చవకగా, వెంటనే దొరుకుతుంది. కానీ అది తాగే నీటితో చేసినదన్న నమ్మకం ఉండదు. తినదగని ఐసును గుర్తించడానికి నీలిరంగు కలపాలని ఆహార భద్రతా అధికారులు 2018లోనే చెప్పారు గానీ, మా వైపు వచ్చే దిమ్మలు తెల్లగానే ఉంటాయి. అందుకే దూరమైనా తాగునీటితో ఐసు చేసే చోటి నుంచే తెప్పించాము. పిల్లలు తాగే గ్లాసులో మరో రకం వేయడానికి మనసు ఒప్పలేదు.

రెండో మెకానిక్ మిర్యాలగూడలోని ఒక ఐస్‌క్రీం పార్లర్ యజమాని ద్వారా దొరికాడు. ఆ పార్లర్‌లో మా మోడలే నాలుగేళ్లుగా నడుస్తోంది. ఇలా ఒకే రకం మిషన్ వాడే వారిని అడగడమే అన్నిటికన్నా మంచి దారి అని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ మెకానిక్ ఫోనులోనే, "అన్నా, నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయి? ఫిల్టర్ ఎప్పుడు మార్చిండ్రు? ఒక్క బ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు పడుతున్నది? గోడకు, మిషన్‌కు నడుమ ఎంత జాగ ఉన్నది?" అని అడిగాడు. గ్యాస్ మాటే ఎత్తలేదు.

వచ్చి చూసినప్పుడు కారణాలు రెండు తేలాయి. ఎండాకాలంలో ఆర్వో నీరు చాలక, మా హోటల్ కుర్రాళ్లు మిషన్‌కు బోరు నీటి పైపు కలిపారు. నల్లగొండ జిల్లాలో నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది, నాకూ అదే తోచింది. కానీ మిషన్‌లో పేరుకున్నది కాల్షియం, మెగ్నీషియం లవణాల పొర. పలక మీదికి నీటిని సమంగా జార్చే సన్నని రంధ్రాలు దానితో పూడుకుపోయాయి, గుంటలు అందుకే పడ్డాయి. పూర్తిగా ఆర్వో నీరే వాడితే సరిపోతుందా అని అడిగితే, ఆయన చెప్పిన సంగతి నాకు కొత్త. నీటి మట్టాన్ని విద్యుత్ వాహకత ద్వారా గుర్తించే మిషన్లకు, లవణాలు మరీ తక్కువైన నీరు అసలు కనిపించదట. అందుకే టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మోతాదు, కొలిచి చూశాకే ఆర్వో లైను కలిపాడు.

రెండో కారణం కండెన్సర్, అంటే మిషన్‌లోని వేడిని బయటి గాలిలోకి వదిలే భాగం. తందూరు పక్కనే మిషన్ ఉండడంతో దాని రేకుల మధ్య నూనె మడ్డి, దుమ్ము దట్టంగా పట్టాయి. చాలా కేటలాగుల్లో రాసే రోజువారీ ఉత్పత్తి, గాలి 21 డిగ్రీలు, నీరు 10 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మన మే నెలలో వంటగది గాలి 40 దాటుతుంది, ట్యాంకులో నీరూ కాగుతుంది. రేకులు కూడా మూసుకుపోతే ఇక వేడి పోయే దారే ఉండదు.

మొదటి వ్యక్తి అదనంగా పట్టిన గ్యాస్‌ను ఈయన తీసేసి, వాక్యూమ్ చేసి, అంటే గొట్టాల్లోని గాలిని లాగేసి, మిషన్ ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం తూచి నింపాడు. పలకను వేలితో తడిమి, మెరుపు తగ్గినా పూత లేవలేదని చెప్పినప్పుడు నాకు నిజంగా ఊపిరి వచ్చింది, ఎందుకంటే ఆ పలక ఖరీదు చాలా ఎక్కువ. కొత్త మిషన్లలో కొన్నిటికి ప్రొపేన్ గ్యాస్, అంటే ఆర్290, వాడతారు. అది మండే గుణం కలది కాబట్టి, అలాంటి మిషన్‌కు లోపల గ్యాస్ ఉండగానే గొట్టాలు అతకడానికి మంట వెలిగించే మనిషిని దగ్గరికి రానివ్వవద్దని కూడా హెచ్చరించాడు.

మిషన్‌ను తందూరు నుంచి జరిపి వెనుక గోడ వద్దకు మార్చాము. నెలకోసారి కండెన్సర్ బ్రష్‌తో తుడుస్తున్నాము, మూడు నెలలకోసారి సున్నం తీయించి శుభ్రం చేయిస్తున్నాము. తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి, ఆ తేదీలతో పాటు ప్రతి సోమవారం ఒక బ్యాచ్‌కు పట్టిన నిమిషాలు రాస్తున్నాము. గత వారం రాసిన అంకె 19.