ఇరుకు బల్ల మీద బుక్‌షెల్ఫ్ స్పీకర్లు: ఇంతవరకు జరిగిన పని

జూన్: ముందు టేపు, తర్వాత దుకాణం

స్పీకర్లు కొనబోయేవాళ్లు చాలామంది ముందు వాట్లు చూస్తారు, తర్వాత ఊఫర్ (లోతైన ధ్వనులు పలికించే పెద్ద కోను) సైజు చూస్తారు. బల్ల ఇరుకైనప్పుడు ఆ రెండింటికన్నా ముందు కొలవాల్సింది బల్లనే. నాది 100 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు, వెనక అంచు గోడకు ఆనుకుని ఉంది. మధ్యలో 24 అంగుళాల మానిటర్ 54 సెం.మీ. ఆక్రమిస్తే అటూ ఇటూ చెరో 23 మిగులుతుంది. కీబోర్డుకూ చేతులు ఆనించుకోవడానికీ చోటు వదిలితే స్పీకర్లకు దక్కే లోతు 25 సెం.మీ. అందులో వెనక వైరు వంపు తిరగడానికే నాలుగైదు పోతాయి. కాబట్టి లోతు 20 సెం.మీ. దాటిన పెట్టె ఎంత గొప్పదైనా నా జాబితాలో చేరదు. విడిగా యాంప్లిఫయర్ పెట్టుకునే చోటు లేదు కనుక, యాంప్లిఫయర్ లోపలే ఉన్న జతలనే చూశాను.

వాట్ల సంగతి ఒక్క మాటలో తేల్చవచ్చు. 86 డెసిబెల్స్ (ధ్వని తీవ్రతకు కొలత) సెన్సిటివిటీ ఉన్న స్పీకరు ఒక్క వాటుతో మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తుంది. నా చెవికీ స్పీకరుకూ మధ్య దూరం 65 సెం.మీ. మాత్రమే కాబట్టి ఇంకో మూడున్నర డెసిబెల్స్ కలిసివస్తాయి. పడకగదిలో అంత ధ్వనితో గంటసేపు వినడం కూడా కష్టమే. పెట్టె మీద 20 వాట్లు రాసినా 50 రాసినా ఈ దూరంలో నాకు తేడా లేదు.

చిన్న చోటుకు చిన్న స్పీకరు అనేది రాజీ బేరం కాదని నా గట్టి నమ్మకం. బీబీసీ 1970లలో బయటి ప్రసారాల వ్యాన్లలో వినడానికి ఎల్‌ఎస్3/5ఎ అనే చిన్న స్పీకరును తయారు చేయించుకుంది. కెఫ్ కంపెనీ అయిదంగుళాల ఊఫరు, పోర్టు (లోతైన ధ్వని పెంచడానికి పెట్టెకు పెట్టే రంధ్రం) లేని మూసిన పెట్టె. మనుషుల గొంతు సహజంగా వినిపించడమే దానికి గీటురాయి. ఇన్నేళ్లయినా దాన్ని వెతికి కొనుక్కునేవాళ్లు ఉన్నారు. వ్యాన్‌లో మూలన కూర్చున్న ఇంజనీరుకు సరిపోయిన ఆలోచన నా బల్లకూ సరిపోతుంది.

జూన్ చివర: నాలుగు పేర్లు

ఎడిఫయర్ ఆర్1280టి: నాలుగంగుళాల ఊఫరు, పోర్టు ముందువైపు ఉంటుంది. గోడకు దగ్గరగా పెట్టేవారికి ఇది మంచి సుగుణం. అయితే లోతు 20 సెం.మీ.కు కాస్త తక్కువ, ఎత్తు 24 దాకా ఉంటుంది. వాల్యూమ్, బాస్, ట్రెబుల్ మరలు కుడి స్పీకరు పక్క చెక్కకు ఉన్నాయి. నా బల్లకు కుడివైపు అలమార ఉంది, ఆ సందులోకి వేళ్లు దూరవు. అందుకే వదులుకున్నాను.

జేబీఎల్ 104: లోతు 12.4 సెం.మీ. మాత్రమే. ట్వీటరు (సన్నని ధ్వనులు పలికించే చిన్న బిళ్ల) ఊఫరు నడిమధ్యన ఉండడంతో తల కాస్త పైకీ కిందకీ కదిలినా ధ్వని మారదు. దగ్గరగా కూర్చునేవారికి ఇది నిజంగా మేలు. నాకు కావలసిన బాస్, ట్రెబుల్ మరలు మాత్రం దీనికి లేవు.

ఐలౌడ్ మైక్రో మానిటర్: 9 సెం.మీ. వెడల్పు, 18 ఎత్తు. బల్ల మీద పెట్టినప్పుడు వచ్చే బాస్ ఉబ్బును తగ్గించడానికి వెనక ప్రత్యేకంగా ఒక స్విచ్చే ఉంది. ఈ నాలుగింటిలో బల్లను దృష్టిలో పెట్టుకుని బాగా ఆలోచించి చేసింది ఇదే. ధర మాత్రం నా లెక్క దాటింది.

ప్రీసోనస్ ఎరిస్ ఇ3.5: వెడల్పు 14, లోతు 16, ఎత్తు 21 సెం.మీ. మూడున్నర అంగుళాల ఊఫరు. వాల్యూమ్, హెడ్‌ఫోన్ సాకెట్టు ముందువైపే ఉన్నాయి. వెనక తక్కువ, ఎక్కువ పౌనఃపున్యాలకు ఆరేసి డెసిబెల్స్ పెంచే, తగ్గించే మరలు రెండున్నాయి. ఇదే తీసుకున్నాను. కంపెనీ చెప్పే కింది హద్దు సెకనుకు 80 కంపనాలు, అంటే 80 హెర్ట్‌జ్. బేస్ గిటార్ అడుగు తీగ మోగేది 41 హెర్ట్‌జ్‌లో కాబట్టి ఆ మూలధ్వని దాదాపు రాదు. కానీ దాని రెండో హార్మోనిక్ (మూలధ్వనికి రెట్టింపు వేగంతో మోగే తోడు ధ్వని) 82 దగ్గర ఉంటుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడకను వెంబడించడానికి చెవికి ఆ ఆధారం చాలు. ఒంట్లో అదురు మాత్రం ఉండదు. కింది అంతస్తులో పసిపిల్లలున్న ఇల్లు కనుక సబ్‌ఊఫర్ ఆలోచన పెట్టుకోలేదు.

జూలై: బల్లతో పేచీ

స్పీకర్లను నేరుగా బల్ల మీద పెడితే ట్వీటరు 15 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు నా చెవి బల్లకు 40 సెం.మీ. పైన ఉంటుంది. మొదటి సాయంత్రం బాలమురళీకృష్ణ కచేరీ పెట్టాను. తంబుర శ్రుతి సాగుతుండగా తల కొద్దిగా ముందుకు వంచితే నాదం రంగు మారింది, వెనక్కి వాలితే ఇంకోలా మారింది. తంబుర మారలేదు, మారుతున్నది బల్ల మీద పడి తిరిగొచ్చే ధ్వని.

లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. నేరుగా వచ్చే ధ్వని 65 సెం.మీ. ప్రయాణిస్తుంది. బల్ల మీద పడి వచ్చేది 81 సెం.మీ. ప్రయాణిస్తుంది. ఆ 16 సెం.మీ. తేడా 1,000 హెర్ట్‌జ్ పైచిలుకు దగ్గర సరిగ్గా అరతరంగం. రెండూ ఎదురెదురై ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి, అక్కడ ధ్వనిలో గొయ్యి పడుతుంది. గొంతు స్పష్టత ఎక్కువగా ఆధారపడే చోటు అది.

ధ్వని పడే చోటు కనిపెట్టడానికి అద్దం చాలు. చిన్న అద్దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, మీరు కుర్చీలో కూర్చుని ఇంకొకరిని దాన్ని మెల్లగా జరపమనండి. ట్వీటరు అద్దంలో ఎక్కడ కనిపిస్తే ధ్వని అక్కడ పడుతున్నట్టు. మా అమ్మాయి జరుపుతుంటే ట్వీటరు గుండ్రటి బిళ్ల సరిగ్గా నా మౌస్‌ప్యాడ్ పై అంచున తేలింది.

వడ్రంగి దగ్గర మిగిలిన 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలతో 15 సెం.మీ. ఎత్తు పీటలు రెండు చేయించాను. పైపలక పది డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, అందువల్ల ట్వీటరు నేరుగా చెవిని చూస్తుంది. ఇప్పుడు తిరిగొచ్చే ధ్వని 92 సెం.మీ., నేరుగా వచ్చేది 61. గొయ్యి 550 హెర్ట్‌జ్ దగ్గరికి జరిగింది. అంత దూరం తిరిగి వచ్చే ధ్వని బలహీనపడుతుంది కూడా, కాబట్టి గొయ్యి లోతు తగ్గింది. పీట కింది ఖాళీలో హార్డ్ డిస్కు, ఛార్జరు సర్దుకున్నాయి. పీటకూ స్పీకరుకూ మధ్య సికింద్రాబాద్ రాణీగంజ్‌లో తెచ్చిన రబ్బరు షీటు ముక్కలు వేశాను. వాటివల్ల ధ్వని మారిపోతుందని చెప్పను, బల్ల గలగల మాత్రం ఆగింది.

ఇంకో సంగతి: స్పీకరు ముఖం మానిటర్ తెరకన్నా రెండు వేళ్లు ముందుకు ఉండాలి. వెనక్కి జరిగితే తెర అంచు కూడా ధ్వనిని తిప్పికొడుతుంది.

కుడి ఎడమలు సరిచూడటానికి ఘంటసాల పాటకన్నా మంచి పరికరం నాకు తెలియదు. ఆ రికార్డింగులు ఎక్కువగా మోనో, అంటే రెండు స్పీకర్లకూ ఒకే ధ్వని వెళ్తుంది. గొంతు మానిటర్ నడిమధ్య నుంచి, ఒకే బిందువు నుంచి వస్తున్నట్టు ఉండాలి. నాకు మొదట అలమార వైపుకు లాగినట్టు అనిపించింది. కుడి స్పీకరును లోపలికి ఇంకాస్త తిప్పాక మధ్యకు వచ్చింది.

ఆగస్టు: గోడ, గుయ్‌మనే చప్పుడు

స్పీకరు ముఖం గోడకు పావు మీటరు దూరంలో ఉంటే, గోడకు తగిలి వచ్చే ధ్వని వల్ల 343 హెర్ట్‌జ్ దగ్గర ఇంకో గొయ్యి పడుతుంది. మీటరు దూరం జరపగలిగితే అది 86కు దిగుతుంది. మధ్యస్థ దూరాల్లో అది బాస్, గొంతుల నడుమే తిరుగుతుంది. నాకు వెనక్కే దారి ఉంది కనుక ఎరిస్ వెనక ఉన్న పోర్టుకు అయిదు సెం.మీ. ఖాళీ వదిలి మిగతాది గోడ వైపు నెట్టాను. దాంతో బాస్ ఉబ్బింది. మృదంగం తొప్పి (ఎడమవైపు) దెబ్బ ఒక్కొక్కటిగా విడిపోకుండా మూతపెట్టిన బిందెలో కొట్టినట్టు వినిపించింది.

స్నేహితుడి దగ్గర ధ్వని కొలిచే యూమిక్-1 మైకు తెచ్చి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫ్యాను ఆపి కొలిచాను. 150 హెర్ట్‌జ్ చుట్టూ ఆరు డెసిబెల్స్ గుట్ట కనిపించింది. వెనక మరను రెండు డెసిబెల్స్ తగ్గించి, మిగిలినదాన్ని కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్‌తో దించాను. గుట్టలను మాత్రమే చెక్కాలి. గొయ్యిలను పూడ్చాలని పెంచితే తిరిగొచ్చే ధ్వని కూడా అంతే పెరుగుతుంది, యాంప్లిఫయర్ మీద బరువు తప్ప ఫలితం ఉండదు.

ల్యాప్‌టాప్ ఛార్జరు పెట్టగానే గుయ్‌మనే చప్పుడు వచ్చేది, తీస్తే పోయేది. ఇది ఎర్త్ లూపు (రెండు పరికరాల ఎర్త్ తీగలు కలిసి ఒక చుట్టుగా మారడం) లక్షణం. స్పీకర్లనూ ఛార్జరునూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చితే సగం తగ్గింది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్న గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ మిగతాది తీసేసింది. కొందరు ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని సలహా ఇస్తారు. ఆ పని ఎవరూ చేయకండి, ప్రాణానికి ప్రమాదం.

మిగిలిన పని: మానిటర్‌ను గోడకు బిగించే చేయి కొంటే దాని స్టాండు పోతుంది. స్పీకర్ల మధ్య దూరాన్ని కూడా 70 నుంచి 80 సెం.మీ.కు పెంచి చూడవచ్చు. అప్పుడు కుర్చీ కూడా కొంచెం వెనక్కి జరపాలి, పీటల వాలు మళ్లీ కొలవాలి.