కోస్ట్ గార్డ్ అసిస్టెంట్ కమాండెంట్: రెండు ప్రయత్నాల మధ్య నేర్చుకున్నది

తోటి అభ్యర్థులకు నమస్కారం. కోస్ట్ గార్డులో అసిస్టెంట్ కమాండెంట్, జనరల్ డ్యూటీ ఉద్యోగానికి నేను రెండో ప్రయత్నంలో ఎంపికయ్యాను. మొదటిసారి రాతపరీక్ష, ప్రాథమిక ఎంపిక బోర్డు దాటి, నోయిడాలోని తుది ఎంపిక బోర్డు వద్ద ఆగిపోయాను.

రాతపరీక్ష సంగతి క్లుప్తంగా చెబుతాను. సీజీక్యాట్ అనే ఈ పరీక్షలో రెండు గంటల్లో 100 ప్రశ్నలు రాయాలి. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. ఇంగ్లీషు, రీజనింగ్, సైన్సు-గణితం, జనరల్ నాలెడ్జ్ విభాగాలకు తలా 25 ప్రశ్నలు. ఇంటర్ ఫిజిక్స్, గణితం తిరగేయకుండా మూడో విభాగాన్ని గట్టెక్కడం కష్టం.

ఇంటర్‌లో నన్ను బాగా భయపెట్టిన పాఠం సదిశలు (వెక్టర్లు), అంటే పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశులు. డిగ్రీలో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో చేరి, కాకినాడ తీరంలో 27 అడుగుల వేలర్ అనే తెరచాప పడవ ఎక్కాకే అది నాకు అర్థమైంది. పడవ ఎదురుగాలిలోకి తిన్నగా సాగదు. గాలి వచ్చే దిక్కుకు సుమారు 45 డిగ్రీల కోణం ఉంచుకుని, కాసేపు ఎడమకు, కాసేపు కుడికి మళ్లిస్తూ ముందుకు పోవాలి. తెరచాప మీద పడే బలంలో పడవను పక్కకు తోసే భాగాన్ని నీటిలోకి దించిన పలక అడ్డుకోగా, ముందుకు నెట్టే భాగమే దాన్ని నడుపుతుంది. బలాన్ని అంశాలుగా విడదీయడమంటే ఏమిటో తెరచాప తాడు పట్టుకున్న చేతికి తెలిసిన తరువాత, ఆ లెక్కలు నన్ను మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండడం వల్ల కాకినాడ దగ్గర అలల తాకిడి తక్కువ. నేర్చుకునేవారికి మన తీరంలో అంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

ఇక నేను ఎందుకు ఆగిపోయానో చెప్పాలి. సెప్టెంబరు మూడో శనివారం జరిగే తీర పరిశుభ్రతా దినోత్సవంలో రెండుసార్లు పాల్గొని, దరఖాస్తులో దానిని సమాజ సేవగా రాశాను. ఏ రకం చెత్త ఎక్కువగా దొరికింది, దానిని తరువాత ఎక్కడికి పంపారు అని ఇంటర్వ్యూలో అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను అక్కడికి వెళ్లింది ఫొటో కోసమేనని ఆ క్షణాన నాకే తెలిసిపోయింది, ఆ బాధ చాలాకాలం వెంటాడింది.

తిరిగి వచ్చాక ఆదివారాలు కాకినాడ దగ్గరి మత్స్యకార గ్రామం ఉప్పాడ వెళ్లడం మొదలుపెట్టాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో ఇంజన్ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ తీరికగా మాట్లాడతారు. లైఫ్ జాకెట్ తప్పక వేసుకోవాలని చెప్పబోతే, ఒక పెద్దాయన, “బాబూ, వల లాగేటప్పుడు అది ఒంటి మీదుంటే తాడు చిక్కుకుంటాది, ఊపిరాడదు” అన్నారు. అప్పటి వరకు నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు. వల లాగేటప్పుడు తీసినా చేతికందేంత దూరంలో ఉంచుకోవాలని, ఒడ్డు దగ్గర కెరటాలు దాటేటప్పుడు మాత్రం తప్పక వేసుకోవాలని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డుకు ఫోన్ చేయవలసిన 1554 నంబరును, ఒప్పుకున్నవారి పడవల లోపలి వైపు రంగుతో రాశాం.

రెండోసారి ఇంటర్వ్యూలో ఇవన్నీ చెప్పాను. ఎంతమంది నా మాట వినలేదో, ఎందుకు వినలేదో కూడా దాచకుండా చెప్పాను. ఎక్కువ ప్రశ్నలు దాని మీదే వచ్చాయి. ప్రాథమిక బోర్డులో బొమ్మను చూసి చర్చించే పరీక్షలో హిందీలోనూ మాట్లాడవచ్చు కాబట్టి, తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషు భయంతో దరఖాస్తు మానుకోవద్దని నా మనవి.

శిక్షణ కోసం త్వరలో కేరళలోని ఎజిమల నౌకాదళ అకాడమీకి బయలుదేరుతున్నాను. మిగిలిన పడవలకు నంబరు రాసే పనిని ఎన్‌సీసీ జూనియర్లకు అప్పగించాను. కాకినాడ చుట్టుపక్కల అభ్యర్థులెవరైనా వారితో కలవదలిస్తే, ఆదివారం ఉదయం ఆరు గంటలకు ఉప్పాడ తీరానికి రండి.