బొటనవేలు ఆగకూడదు: మిసిసిపి గిటార్ సాధన డైరీ

మార్చి

అమెరికాలో నల్లజాతి వాళ్ల బ్లూస్ పాటలు పాడిన మిసిసిపి జాన్ హర్ట్ రికార్డు వింటే ఇద్దరు కూర్చుని వాయిస్తున్నారనిపిస్తుంది. లావు తీగల మీద బొటనవేలు ఒకే నడకలో పోతూ ఉంటుంది. సన్న తీగల మీద చూపుడువేలు, మధ్యవేలు పాట పలికిస్తుంటాయి. పక్కనున్న మనిషికి వినబడితే చాలన్నంత మెల్లగా పాడతాడు. చెప్పే కథలు మాత్రం మెత్తనివి కావు. నమ్మినవాణ్ని కాల్చేసిన ఆడమనిషి, టోపీ కోసం జరిగిన హత్య, సమ్మెట కొట్టీ కొట్టీ ప్రాణం పోగొట్టుకున్న కూలివాడు, ఇవీ ఆయన పాటలు. అయినా వింటుంటే మనసు కుదుటపడుతుంది. అదెలా జరుగుతోందో చేత్తో వాయించి తెలుసుకుందామని ఈ బాణీ మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ నాకు వచ్చిందల్లా కార్డులు (కలిపి మోగే స్వరాల గుంపులు) పట్టుకుని సినిమా పాటలకు స్ట్రమ్మింగ్ చెయ్యడమే, అంటే తీగలన్నీ ఒకేసారి మీటడమే.

హర్ట్‌ది మిసిసిపి రాష్ట్రంలో అవలాన్ అనే పల్లె. 1928లో ఓకే అనే రికార్డుల కంపెనీ ఆయన్ని మెంఫిస్‌లోనూ, తర్వాత న్యూయార్క్‌లోనూ రికార్డు చేసింది. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. ఆయన తిరిగి ఊరెళ్లి పొలం పనిలో పడ్డాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ఆ పాత రికార్డుల్లో ఒకదాంట్లో ‘అవలాన్ మా ఊరు’ అన్న మాట పట్టుకుని, పాత అట్లాసులో ఆ పేరు వెతికి, ఊరికి వెళ్లి ఆరా తీస్తే మనిషి అక్కడే ఉన్నాడు. అదే ఏడాది న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో వేలమంది ముందు వాయించాడు. 1966లో పోయాడు. మధ్యలో ఆ 35 ఏళ్లూ వినడానికి ఉన్నది ఊళ్లోవాళ్లు, చుట్టుపక్కలవాళ్లే. ఆ చేతిలోని తీరుబాటు అలా వచ్చిందేనని నా నమ్మకం.

సరంజామా సంగతి. మామూలు స్టీలు తీగల అకూస్టిక్ గిటార్ చాలు. నా దానికి 12 గేజ్ తీగలుండేవి, కాస్త సన్నవైన 11కి మార్చాను. వేలితో మీటేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. తీగలు ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) మీద మరీ ఎత్తుగా ఉంటే రిపేరు చేసేవాళ్లతో శాడిల్ (తీగలు ఆనే చిన్న పట్టీ) కాస్త అరగదీయించుకోవాలి, లేకపోతే ఎడమచెయ్యి త్వరగా అలిసిపోతుంది. మాది విశాఖ, సముద్రం గాలి. తీగలు తుప్పు పట్టకుండా వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో పైనా కిందా తుడిచి, కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడుతున్నాను. కుడిచేతి గోళ్లు పొట్టిగానే ఉంచాను. వేలి కొసతో మీటితేనే ఈ పాటలకు కావలసిన మెత్తని నాదం వస్తోంది.

ఏప్రిల్, మే

ఈ రెండు నెలలూ బొటనవేలు తప్ప వేరే పని లేదు. సి కార్డ్ పట్టుకోవాలి. నాలుగు దెబ్బల ఆవర్తనంలో బొటనవేలు వరసగా 5వ తీగ, 4వ తీగ, 6వ తీగ (అన్నిటికంటే లావుది), మళ్లీ 4వ తీగ కొట్టాలి. 6వ తీగకు వచ్చేటప్పుడు ఎడమచేతి ఉంగరపువేలు 5వ తీగ మూడో ఫ్రెట్ నుంచి 6వ తీగ మూడో ఫ్రెట్‌కు దూకి, వెంటనే వెనక్కి రావాలి. జి అయితే 6, 4, 6, 4. ఎఫ్ దగ్గర బారె పట్టకుండా, అంటే ఒకే వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కకుండా, ఎడమచేతి బొటనవేలు మెడ పైనుంచి వంచి 6వ తీగ మొదటి ఫ్రెట్ నొక్కాలి. మొదట్లో మణికట్టు నొప్పి పుడుతుంది. గిటార్‌ను తొడ మీద కొంచెం ఏటవాలుగా, మెడ పైకి లేచేలా పెట్టుకుంటే ఆ నొప్పి తగ్గింది.

తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి మొదలుపెట్టాను. ఒక్క దెబ్బ కూడా తడబడకుండా ఎవరితోనైనా మాట్లాడుతూ వాయించగలిగాకే 4 పెంచాలి. ఇది నేను పెట్టుకున్న నియమం, అందరికీ సిఫారసు చేస్తాను. ఇంట్లోవాళ్లు ‘పాలు వచ్చాయా?’ అని అడిగితే జవాబు చెబుతున్నప్పుడు కూడా వేలు ఆగకూడదు. ఈ మెట్టు దాటకుండా పాటలోకి దిగితే, రాగం కష్టమైన చోటల్లా బేస్, అంటే లావు తీగల నడక, ఆగిపోతుంది. బేస్ ఆగితే ఈ సంగీతంలో మిగిలేది ఏమీ లేదు.

కుడి అరచేతి మడమను బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు కట్టే చెక్క) దగ్గర లావు తీగల మీద ఆనీ ఆననట్టు పెట్టండి. బేస్ గంటలా మోగిపోకుండా కుదురుగా వస్తుంది.

జూన్, జులై

బొటనవేలికి తోడు పై వేళ్లు కలిశాయి. మొదట రాగంలోని ప్రతి స్వరాన్నీ బేస్ దెబ్బతో పాటే, రెండు వేళ్లతో చిటికేసినట్టు కలిపి మీటాను. అది కుదిరాక కొన్ని స్వరాలను రెండు దెబ్బల మధ్యకు జరిపాను. పాటకు ప్రాణం అక్కడ వస్తుంది.

తీసుకున్న పాట ఎలిజబెత్ కాటన్ ‘ఫ్రైట్ ట్రెయిన్’. సి, జి, ఇ, ఎఫ్ కార్డులు, అంతే. ఆవిడ నార్త్ కరోలినాలో చాపెల్ హిల్ పక్క ఊరు కార్‌బరోలో పుట్టింది. ఎడమచేతి వాటం. తీగలు మార్చకుండా గిటార్‌ను తిరగేసి పట్టుకుని వాయించేది. అంటే బేస్ వేళ్లతో, రాగం బొటనవేలితో. కాబట్టి ఆవిడ వీడియో చూసి వేళ్లు నేర్చుకోవాలని చూడకండి, వినండి. చిన్నతనంలో ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 3 డాలర్ల 75 సెంట్లకు గిటార్ కొనుక్కుంది. పన్నెండేళ్లు దాటకముందే ఈ పాట కట్టింది. పెళ్లయ్యాక, చర్చిలో లౌకికమైన పాటలు వద్దన్నాక దశాబ్దాల పాటు గిటార్ పక్కన పెట్టేసింది. జానపద సంగీతకారులైన సీగర్ కుటుంబం ఇంట్లో పనిమనిషిగా ఉన్నప్పుడు అక్కడి గిటార్ తీసి మళ్లీ వాయించింది. మొదటి ఆల్బమ్ 1958లో, అరవై దాటాక వచ్చింది.

అమ్మ పోయాక నాన్నకు రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదు. నా సాధన రాత్రి భోజనాలయ్యాక, హాల్లో. ఆయన వాల్తేరు డివిజన్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. కేకే (కొత్తవలస–కిరండోల్) లైన్‌లో కిరండోల్ నుంచి ఇనుప ఖనిజం దించుకొచ్చే బళ్ల వెనక బ్రేక్ వ్యాన్‌లో ఒంటరిగా ఎన్నో రాత్రులు గడిపిన మనిషి. ఒకరోజు నేను 96లో వాయిస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నారు.

“ఇది గూడ్సు బండి పాట కదరా?”

పాట పేరు నేను చెప్పలేదు. అవునన్నాను.

“నడక ఎంప్టీ రేక్‌ది. లోడు బండి ఇలా పోదు.”

మెట్రోనోమ్ 76కి దించి మళ్లీ ఎత్తుకున్నాను. కళ్లు మూసుకుని రెండు చరణాలు విన్నారు. “ఆఁ, ఇప్పుడు లోడయింది. పైన నువ్వేం చేసుకుంటావో చేసుకో, కిందది మాత్రం ఆపకు” అన్నారు.

ఈ సంగీతం గురించి నేను విన్నవాటిలో ఇంతకంటే సరైన మాట లేదు. పైన దుఃఖం చెబుతూనే ఉంటుంది, దాన్ని దాచదు, తగ్గించదు. కింద నడక ఆగదు. వినేవాళ్లకు ఊరట ఇచ్చేది ఆ రెండూ కలిసి ఉండటమే. అర్థం అడిగితే చెప్పాను: నేను చచ్చిపోతే చెస్ట్‌నట్ వీధిలో పాతిపెట్టండి, తొమ్మిదో నంబరు బండి వెళ్తుంటే నాకు వినబడాలి అంటుంది ఆ పిల్ల. “అంత చిన్నపిల్లా?” అన్నారు. ఆ తర్వాత రోజూ ఆ వేళకి వచ్చి కూర్చుంటున్నారు. ఇప్పుడు ఆ పాట 76లోనే ఉంది. ఇంక పెంచను.

ఆగస్టు, సెప్టెంబరు

స్లైడ్, అంటే వేలికి తొడిగిన గొట్టాన్ని తీగల మీద జార్చి వాయించడం. తీగలు ఓపెన్ డి శ్రుతిలోకి దించాలి, ఏమీ నొక్కకుండానే డి కార్డ్ మోగేలా. 6వ తీగ డి, 3వది ఎఫ్ షార్ప్, 2వది ఎ, 1వది డి. మిగతా రెండూ కదపక్కర్లేదు. అన్నీ దించడమే కాబట్టి తెగుతాయన్న భయం లేదు. స్లైడ్ కోసం లేత్ షాపులో స్టీలు పైపు ముక్క కోయించి, అంచులు నున్నగా చేయించాను. చిటికెనవేలికి వదులుగా ఉండకూడదు, బిగుతుగానూ ఉండకూడదు. ఫ్రెట్ల మధ్యలో కాకుండా సరిగ్గా ఫ్రెట్ లోహం మీదే ఆనించాలి, తీగను నొక్కకూడదు. స్లైడ్ వెనక మిగతా వేళ్లు తీగల మీద పరిచి ఉంచితే గరగర తగ్గుతుంది. వీణ మీద, చిత్రవీణ మీద జారు విన్న చెవికి ఇది త్వరగా పట్టుబడుతుంది. స్వరం చేరేటప్పుడు తొందరపడకూడదని మనకు ముందే తెలుసు.

దీనికి నా గురువు టెక్సస్‌కు చెందిన బ్లైండ్ విల్లీ జాన్సన్. 1927 డిసెంబరులో డల్లాస్‌లో రికార్డు చేసిన ‘డార్క్ వాజ్ ద నైట్’లో మాటలు లేవు. గొంతుతో మూలుగు, దాని వెంట స్లైడ్. 1977లో వోయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డులో, మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవితో పాటు ఇదీ ఉంది. నేను అందులో మొదటి రెండు చిన్న స్వర వరసల దగ్గరే ఉన్నాను, అక్కడే కొన్నాళ్లు ఉంటాను. 12వ ఫ్రెట్ దగ్గర శ్రుతి నిలుస్తోంది, 5 నుంచి 7కి జారేటప్పుడు చేరాల్సిన చోటు దాటుతోంది. ట్యూనర్ యాప్ ఎదురుగా పెట్టుకుని నెమ్మదిగా సరిచేస్తున్నాను.

అక్టోబరు

తర్వాతి పాట నాన్న ఎంచినదే. జార్జియాలో పుట్టిన థామస్ డార్సీ బ్లూస్ పియానో వాయించి, తర్వాత గాస్పెల్ అనే క్రైస్తవ భక్తి పాటలకు మళ్లాడు. 1932లో ఆయన సెయింట్ లూయిస్‌లో ఉండగా షికాగోలో భార్య నెటీ ప్రసవంలో చనిపోయింది, పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ఆ రోజుల్లోనే ఒక పాత కీర్తన వరసలో ‘ప్రెషస్ లార్డ్’ రాశాడు. చెయ్యి పట్టుకుని నడిపించమని దేవుణ్ని అడిగే పాట. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో మహాలియా జాక్సన్ పాడింది. ఈ కథ నాన్నకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పేశాను. “అయితే అదే నేర్చుకో” అన్నారు.

ఇది మూడు దెబ్బల నడక. నాలుగుకు అలవాటుపడిన బొటనవేలికి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. మొదటి దెబ్బకు బేస్, రెండు, మూడు దెబ్బలకు పై తీగలు రెండూ కలిపి మీటు. సి లోనే, రెండో ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) పెట్టి. నా గొంతుకు అది సరిపోతుంది. రాగం ఇప్పుడే ఎత్తుకోను. ఈ నెలంతా బొటనవేలు ఒక్కటే, 60లో.