వాల్‌డోర్ఫ్‌లో ఆస్టర్ ఇంటిపేరు వెదుకుతూ

వీస్లోహ్-వాల్‌డోర్ఫ్ స్టేషన్ రెండూళ్లకూ నడుమ ఉంటుంది కనుక, జర్మనీలోని హైడెల్‌బర్గ్ నుంచి రైల్లో ఇట్టే చేరుకున్నా, ఆదివారం కావడంతో బస్సు కోసం ఎండలో చాలాసేపు నిలబడవలసి వచ్చింది. ఇంత కలిగిన ఊరికి సెలవునాడు బస్సులు ఇంత అరుదా అని నిజంగానే కోపం వచ్చింది. శాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మనవాళ్లకు వాల్‌డోర్ఫ్ అంటే ఆఫీసు. నేను మాత్రం ఆస్టర్ అనే ఇంటిపేరు కోసం వెళ్లాను.

ఆ కుటుంబం మతహింసకు తాళలేక ఆల్ప్స్ కొండల్లోని సవాయ్ ప్రాంతం నుంచి పారిపోయి వచ్చిన వాల్డెన్సియన్లు అనే క్రైస్తవ శాఖవారిదని ఒక కథ ఉంది. ఇక్కడ 1763లో ఒక కసాయి ఇంట పుట్టిన యోహాన్ యాకోబ్ ఆస్టర్, వాద్యాలు తయారుచేసే అన్న దగ్గరికి ముందు లండన్ వెళ్లి, అక్కడి నుంచి అమ్మకానికి కొన్ని వేణువులు వెంటబెట్టుకుని అమెరికా చేరి, జంతుచర్మాల వ్యాపారంతోనూ న్యూయార్క్ స్థలాలతోనూ ఆ దేశంలోకెల్లా ధనవంతుడై 1848లో కన్నుమూశాడు. పుట్టిన ఊరి పేదల కోసం అతను వీలునామాలో రాసిన 50,000 డాలర్లతో కట్టిన ఆస్టర్ హౌస్ ఎదుట నిలబడితే, ఊరు విడిచిన మనిషి ఊరిని విడవలేదనిపించింది.

మన ఇళ్లలో ఊరి పేరే ఇంటిపేరవుతుంది. ఆస్టర్లు ఊరి పేరును పిల్లలకే పెట్టుకున్నారు: 1893లో న్యూయార్క్‌లో వాల్డోర్ఫ్ హోటల్ తెరిచిన మునిమనుమడు విలియం వాల్డోర్ఫ్ ఆస్టర్. పక్కనే 1897లో ఆస్టోరియా హోటల్ కట్టిన అతని పినతండ్రి కొడుకు 1912లో టైటానిక్‌తో పాటు మునిగిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి వాల్డోర్ఫ్ సలాడ్ అడిగితే, అది న్యూయార్క్ హోటల్ వంటకమని వడ్డించే పెద్దావిడ చెప్పి, తెల్ల ఆస్పరాగస్ తెచ్చిపెట్టింది. ఎండ సోకకుండా మట్టి గుట్టల కింద పెంచుతారు కాబట్టే వాటికి ఆ తెలుపు. వేళ్లంత లావున్న కాడలు, ఉడికించిన బంగాళాదుంపలు, పైన వెన్నతో చేసిన పసుపు రంగు సాసు. ఉప్పు తక్కువైనా నోట్లో కరిగిపోయాయి. ధర మాత్రం గుండె గుభేలుమనిపించింది, పైగా మంచినీళ్లకు వేరే బిల్లు.

తిరుగు రైల్లో, వాల్డెన్సియన్లకు 1699 నుంచి దక్షిణ జర్మనీలోని వుర్టెంబర్గ్‌లో ఆశ్రయమిచ్చిన ఊళ్లను పటంలో గుర్తు పెట్టుకున్నాను. పినాష్, పెరూజ్, సెర్ అనే ఆ ఊళ్లకు వాళ్లు కొండల్లో వదిలి వచ్చిన పల్లెల పేర్లే ఉన్నాయి; ఈసారి అటు వెళ్లాలి, ఆదివారం కాకుండా.