సూదితో కాల్చాలా, కోసి తీయాలా?
పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకితే ఆపరేషనే దిక్కనుకునేవాళ్లు నెదర్లాండ్స్ వైద్యులు నడిపిన కొలిజన్ ట్రయల్ గురించి తెలుసుకోవాలి. 3 సెంటీమీటర్లు మించని గడ్డలే తీసుకున్నారు, కోసి తీయడానికి 148 మందిని, గడ్డలోకి సూది గుచ్చి వేడితో కాల్చడానికి (దీన్నే అబ్లేషన్ అంటారు) 148 మందిని. సూదితో కాల్చినా బతికే కాలం తగ్గట్లేదని సగంలోనే తేలడంతో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు. ఇబ్బందులు కోతలో 46 శాతం మందికి, అబ్లేషన్‌లో 19. ఇది చిన్న తేడా కాదు.

కానీ సూది గుచ్చగానే పనైపోదు. గడ్డ చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్లు, వీలైతే 10, మంచి కాలేయం కూడా కాలాలి. పక్కనే 3 మిల్లీమీటర్లు దాటిన రక్తనాళం ఉంటే పారే రక్తం వేడిని లాక్కుపోతుంది, ఆ అంచునే గడ్డ మళ్లీ మొలుస్తుంది. అందుకే మనిషి ఇంకా టేబుల్ మీద ఉండగానే కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళంలోకి రంగుమందు ఎక్కించి తీసే స్కాన్) తీసి, కాల్చకముందు తీసినదానితో పోల్చి, తక్కువైన చోట మళ్లీ కాల్చాలి.